పదో మనిషి

2014 ఎండాకాలం. హైదరాబాద్ బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులోకి అడుగుపెట్టారు మీరు. బయటి ఎండ ఒక ఎత్తు, లోపలి ఉక్క ఇంకో ఎత్తు. లేత్ మీద ఇనుప కడ్డీ గిర్రున తిరుగుతోంది. టూల్ తగిలిన చోట నీలం తిరిగిన ఇనుప చుట్టలు రాలిపడుతున్నాయి. కూలెంట్ వాసన ముక్కుకెక్కుతోంది.

యజమాని చేతిలో ఒక డ్రాయింగు ఉంది. పెద్ద కంపెనీ జాబ్‌వర్క్, నెలలో అప్పజెప్పాలి. పనివాళ్లను లెక్కపెట్టండి. టర్నర్లు నలుగురు, మిల్లింగ్ మిషన్ దగ్గర ఇద్దరు, ఫిట్టర్ ఒకడు, హెల్పర్లు ఇద్దరు. మొత్తం తొమ్మిది.

"ఇంకో ఇద్దరిని పెట్టుకోరాదా?" అని అడుగుతారు మీరు.

"పెట్టుకుంటే పనైతది సార్. కానీ పదోవాడు వచ్చిన్నాడే ఇది షెడ్డు కాదు, ఫ్యాక్టరీ అయితది."

ఆయన చెప్పింది 1948 ఫ్యాక్టరీల చట్టం మాట. అప్పట్లో కరెంటుతో నడిచే చోట పది మంది, కరెంటు వాడని చోట ఇరవై మంది ఉంటే ఆ చట్టం కిందికి వచ్చినట్టే. ప్లానుకు ఆమోదం, లైసెన్సు, ఏటా రిటర్నులు, హాజరుకో రిజిస్టరు, ఓవర్‌టైముకో రిజిస్టరు, ప్రమాదాలకో రిజిస్టరు. ఈఎస్ఐ బీమా కూడా పది మందితోనే మొదలు. అందుకే ఆర్డరులో సగం పక్క షెడ్డుకు పోతుంది. ఆ షెడ్డు ఆయన భార్య పేరు మీద ఉంది. కాగితాల మీద అవి రెండు వ్యాపారాలు. రేపు గ్రైండర్ దగ్గర హెల్పర్ వేలు తెగితే మాత్రం అతని జేబులో ఈఎస్ఐ కార్డు ఉండదు.

బయట జీపు ఆగిన చప్పుడు. షెడ్డులో మాటలు ఆగిపోతాయి. తనిఖీకి వచ్చిన అధికారికి కుర్చీ వేస్తారు, చాయ్ తెప్పిస్తారు. ఆయన జీతాల పుస్తకం తిప్పుతాడు, గోడ మీది బోర్డులు చదువుతాడు, తన నోట్‌బుక్కులో ఏదో రాసుకుంటాడు. ఏం రాశాడో యజమానికి తెలియదు. మళ్లీ ఎప్పుడొస్తాడో అసలే తెలియదు. ఐదడుగుల దూరంలో గ్రైండర్ గార్డు లేకుండా తిరుగుతోంది. దాని వైపు ఆయన చూపు పోనేలేదు.

అదే ఏడాది అక్టోబర్ 16న కేంద్రం శ్రమ సువిధ పోర్టల్‌ను మొదలుపెట్టింది. కేంద్ర కార్మిక శాఖ పరిధిలో ఎవరు ఎక్కడికి తనిఖీకి వెళ్లాలో ఇక కంప్యూటరే ఎంచుతుంది. వెళ్లినవారు 72 గంటల్లో నివేదికను పోర్టల్‌లో పెట్టాలని అప్పట్లో నియమం. కొత్తగా ఏర్పడిన తెలంగాణ, పరిశ్రమల అనుమతుల కోసం టీఎస్-ఐపాస్ చట్టం చేసి, 2015 జూన్‌లో అమల్లోకి తెచ్చింది. యజమాని స్వీయ ధ్రువీకరణ ఇస్తే మెగా ప్రాజెక్టులకు 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతులు రావాలి. గడువు దాటితే అనుమతి ఇచ్చినట్టే లెక్క.

ఇప్పుడు అదే షెడ్డులో నిలబడి లెక్క మళ్లీ చూడండి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో ఫ్యాక్టరీకి హద్దు కరెంటు ఉన్నచోట ఇరవైకి, లేనిచోట నలభైకి పెరిగింది. ఇన్‌స్పెక్టర్ పేరు పక్కన 'సహాయకుడు' అన్న మాటా చేరింది. మంచిదే. కానీ గోడ కూలలేదు, కాస్త అవతలికి జరిగిందంతే. నిన్న పదో మనిషిని వద్దన్నవాడు రేపు ఇరవయ్యో మనిషిని వద్దంటాడు.

అలాగని తనిఖీలే వద్దనడానికి నోరు రాదు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో మందుల పరిశ్రమ పేలుడు పదుల ప్రాణాలు తీసింది. రసాయనాలు మరిగే రియాక్టరుకు ఒక తీరు చూపు కావాలి, బోల్టులు చేసే లేత్‌కు ఇంకో తీరు. ఉన్న కొద్దిమంది ఇన్‌స్పెక్టర్లను చిన్న షెడ్ల రిజిస్టర్ల చుట్టూ తిప్పితే పెద్ద ప్రమాదం దగ్గర కాపలా ఎవరు?

కాబట్టి ఎవరిని ఎంత తరచుగా తనిఖీ చేయాలో ప్రమాదాన్ని బట్టి తేల్చాలి. ఏం చూస్తారో ముందే తెలుగులో అచ్చువేసి యజమానికివ్వాలి. చిన్న లోపానికి సరిచేసుకునే గడువు, పెద్ద లోపానికి అక్కడికక్కడే తాళం. రాసిన కాగితం నకలు అదే రోజు యజమాని చేతిలో పడాలి. కొత్త మనిషికి పని ఇచ్చినవాణ్ని ప్రభుత్వం సన్మానించనక్కర్లేదు, శిక్షించకుండా ఉంటే చాలు.