లావెండర్ వాసన ఎవరిది?

మన ఇళ్ళల్లో లావెండర్ అంటే ముందు ఒక రంగు. "లావెండర్ కలర్ చీర" అంటాం. ఆ తర్వాతే పౌడరు, సబ్బు, ఈమధ్య నేల తుడిచే లిక్విడు. పువ్వుని కళ్ళారా చూసినవాళ్ళు మనలో చాలా తక్కువ, నేనూ చూడలేదు. అయినా సీసాలో దొరికే సెంట్లలో నాకు ఇష్టమైనది అదే. నాకు నచ్చినదాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వుకోవడం బి.ఏ. తెలుగు రోజుల నుంచీ ఉన్న జబ్బు. ఆ తవ్వకంలో దొరికినవే ఇవి.

ముందు పేరు. పాత ఇంగ్లీషులో "లావెండర్" అనే మాటకి బట్టలుతికే ఆడమనిషి అని అర్థం ఉండేది. లాటిన్‌లో కడగడం అనే క్రియనుంచి వచ్చిన మాట అది. మొక్క పేరు కూడా అక్కడినుంచే వచ్చిందని చాలామంది అంటారు, కాదు, నీలిరంగుని చెప్పే మరో ధాతువునుంచి అని కొందరు. ఏది నిజమైనా, ఉతికిన బట్టలకీ ఈ మొక్కకీ ఉన్న చుట్టరికం మాత్రం పాతదే. మనం చీరల మడతల్లో వట్టివేళ్ళో, కలరా ఉండలో పెట్టినట్టు ఇంగ్లండు ఇల్లాళ్ళు దుప్పట్ల మధ్య ఎండిన లావెండర్ కంకులు పెట్టేవారు. పురుగు పట్టదు, మంచి వాసనా వస్తుంది. అంటే ఇది అంతఃపురంలో పుట్టిన సెంటు కాదు, బట్టల అలమరలో పుట్టిన సెంటు.

లండన్‌కి దక్షిణాన సర్రీ ప్రాంతంలో మిచమ్ అనే ఊరు ఈ పంటకి పేరుమోసింది. 1749లో పాటర్ అండ్ మూర్ అనే సంస్థ అక్కడ మొదలైంది. లండన్ వీధుల్లో ఆడవాళ్ళు లావెండర్ కట్టలు గంపల్లో పెట్టుకుని, పాటలాగా కేకలు వేస్తూ అమ్మేవారట. మన దగ్గర "మల్లెపూలో..." అన్న కేక లేదూ, అలాగన్నమాట. మన పౌడరు డబ్బాల మీద కనిపించే యార్డ్‌లీ కంపెనీ 1770 నాటిది. వాళ్ళ ఇంగ్లిష్ లావెండర్ 1873లో వచ్చింది.

మిచమ్ పక్కనే వాలింగ్టన్ ఉంది. అక్కడ సారా స్ప్రూల్స్ అనే ఆవిడ లావెండర్ నూనె తీసే వ్యాపారం నడిపేది. 1886లో ఆవిణ్ణి విక్టోరియా రాణి తనకి లావెండర్ సారం సరఫరా చేసే వ్యక్తిగా నియమించింది. ఒక ఆడమనిషి తన పేరుతో వ్యాపారం చేసి, రాణిగారి ముద్ర సంపాదించుకోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. సెంట్ల చరిత్ర రాసేవాళ్ళు ప్యారిస్ మగవాళ్ళ గురించి పేజీలకు పేజీలు రాసి, ఈమెని ఒక్క వాక్యంతో దాటేస్తారు. నాకది నచ్చదు.

అసలు విషయానికి వస్తాను. విక్టోరియా భర్త ఆల్బర్ట్ 1861 డిసెంబరులో పోయాడు. ఆమె 1901లో చనిపోయేదాకా, దాదాపు నలభై ఏళ్ళు, నల్లబట్టలే కట్టింది. ఆ కాలపు ఇంగ్లండులో భర్త పోయిన ఆడవాళ్ళు ఏం కట్టాలో, ఎన్నాళ్ళు కట్టాలో పెద్ద లెక్క ఉండేది. ముందు పూర్తి నలుపు. కొన్నేళ్ళకి "సగం మైల" లాంటి దశ వచ్చేది, అప్పుడు బూడిదరంగు, లేత ఊదా, లావెండర్ రంగు కట్టుకోవచ్చు. సెంట్ల విషయంలోనూ అంతే పట్టింపు. కస్తూరి లాంటి ఘాటు వాసనలు మర్యాదస్తులకి కూడదు. లావెండర్ నీళ్ళయితే ఫరవాలేదు, ఎందుకంటే అది సోకు కాదు, శుభ్రత.

ఆ తేడా చదివినప్పుడు నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళకే మామయ్య పోయాడు. అప్పటినుంచీ ఆవిడకి పూలు లేవు, పసుపూ కుంకుమా లేవు. పేరంటాలకి పిలుపూ లేదు. 1881 డిసెంబరులోనే వీరేశలింగంగారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించారని మేం పాఠంగా చదువుకున్నాం. నూరేళ్ళు దాటినా మా అత్తయ్య తలలోకి ఒక్క మల్లెపువ్వు తిరిగి రాలేదు. కానీ ఆవిడ పెట్టెలో ఊదాపూల బొమ్మ ఉన్న పౌడరు డబ్బా ఒకటి ఉండేది. గల్ఫ్‌లో పనిచేసే మరిదిగారబ్బాయి తెచ్చి ఇచ్చాడు. స్నానం చేసి, మెడ దగ్గర కొంచెం అద్దుకునేది. ఒక పెళ్ళిలో ఎవరో "ఏమిటి వదినా, గుబాళించిపోతున్నావ్" అని దెప్పితే, "సబ్బు వాసనే తల్లీ" అంది తొణక్కుండా. ఆ జవాబుతో అవతలావిడ నోరు మూతపడింది. పువ్వు అంటే సౌభాగ్యం, సబ్బు అంటే శుభ్రత. ఆ సందులోంచి మా అత్తయ్య తనకి కావలసిన వాసన తను తెచ్చుకుంది. ఇంగ్లండు విధవరాళ్ళూ, మా అత్తయ్యా ఒకే సందులోంచి దూరడం నాకు నవ్వూ తెప్పించింది, కడుపులో తిప్పింది కూడా.

ఇంకో విచిత్రం చూడండి. 1856లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, మలేరియా మందు తయారుచెయ్యబోయి ఊదారంగు అద్దకం కనిపెట్టాడు. 1858లో కూతురి పెళ్ళికి విక్టోరియా ఆ రంగు గౌనే వేసుకుంది. అదే పెర్కిన్ 1868లో కౌమరిన్ అనే సువాసన పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. 1882లో ప్యారిస్‌లోని ఊబిగాఁ కంపెనీ లావెండర్‌కి ఆ కౌమరిన్ జతచేసి "ఫుజేర్ రాయాల్" అనే సెంటు చేసింది. అక్కడినుంచి లావెండర్ దారి మళ్ళింది. మంగలి షాపుల్లో, గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్లలో వచ్చే ఆ "మగవాళ్ళ వాసన" మూలం అదే. 1934లో కారోన్ వాళ్ళు లావెండర్, వెనిలా కలిపి తెచ్చిన సెంటుకి "మగవాడి కోసం" అనే పేరు పెట్టారు. ఇంకేముంది, ఇల్లాలి అలమరలోది కాస్తా మగవాళ్ళ షెల్ఫ్ ఎక్కింది! మధ్యలో 1889లో గెర్లేన్ వాళ్ళ "జికీ" వచ్చింది. లావెండర్‌కి పునుగు కలిపారందులో. తిరుమల స్వామికి శుక్రవారం అభిషేకం అయ్యాక పూసే పునుగు లాంటిదే. ఎక్కడి ప్యారిస్, ఎక్కడి పునుగు!

ఇక లావెండర్ సర్వరోగ నివారిణి అన్న ప్రచారం. ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త గాట్‌ఫోసే 1910లో ప్రయోగశాల ప్రమాదంలో కాలిన చేతిని లావెండర్ నూనె తొట్టిలో ముంచాడని, వెంటనే మానిపోయిందని కథ చెబుతారు. ఆయన రాసుకున్నది వేరు. కాలిన గాయాలు కుళ్ళడం మొదలయ్యాక లావెండర్‌తో కడిగితే అది ఆగిందని. రెండూ ఒకటి కావు. మీ ఇంట్లో ఎవరికైనా కాలితే చల్లటి నీళ్ళ ధార కింద పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, సెంటు సీసా తియ్యకండి.

కొనేటప్పుడు ఒక్క మాట. చవక సబ్బుల్లో వాడేది ఎక్కువగా అసలు లావెండర్ కాదు, లావెండిన్ అనే సంకరజాతి. దాంట్లో కర్పూరం వాసన తగులుతుంది. అసలుదానికి ఒక లీటరు నూనె రావాలంటే నూరు కిలోలకు పైగా పూలు కావాలి, లావెండిన్‌కి అందులో సగం కూడా అక్కర్లేదు. ధరల్లో తేడా అందుకే. అసలు లావెండర్ వాసనలో ముఖ్యమైన లినలూల్ మన ధనియాలలోనూ పుష్కలంగా ఉంది. ఈసారి పచ్చి ధనియాలు దంచినప్పుడు వేయించకముందే వాసన చూడండి, పైపైన తేలే ఆ తీపి తెలుస్తుంది. గాలి తగిలి పాతబడ్డ లావెండర్ నూనె కొందరికి ఒంటికి పడదు, దురద పుడుతుంది. మూత గట్టిగా బిగించి, చీకట్లో పెట్టుకోవాలి. ఇంకోటి, ఇది గంటా రెండు గంటలకే పోయే వాసన. పొద్దున కొట్టుకుని సాయంత్రం పెళ్ళికి వెళ్తానంటే కుదరదు. నా మటుకు స్నానం అయ్యాక చీర కుచ్చిళ్ళ మీద కొంచెం, అంతే.

ఇప్పుడు ఈ పంట మన దేశంలోనూ ఉంది. జమ్మూ ప్రాంతంలోని భదర్వాలో మొక్కజొన్న వేసే రైతులు చాలామంది లావెండర్‌కి మారారు. 2022లో అక్కడ లావెండర్ పండగ కూడా చేశారు. పోయిన ఏడాది మా అమ్మాయి స్నేహితురాలు అటు వెళ్ళి, చిన్న సీసా నూనె తెచ్చింది. మా ఆయన మూత తీసి చూసి "ఇది నా ఆఫ్టర్‌షేవ్ వాసనే" అన్నారు. కాదని వాదించలేదు. నాలుగు చుక్కలు దూదిమీద వేసి, రోజూ కట్టే నూలు చీరల మధ్య పెట్టాను.