కత్తి నాపిన వివేకము

వైద్యుడు మందీయక, కత్తి పట్టక, రోగి ప్రక్కన కూర్చుండి నాడి చూచుచున్నచో మనకు తృప్తి కలుగదు. "ఏమియు చేయకున్నాడే" యని తొందరపడుదుము. ఎన్ని పరీక్షలు చేసిన నంత శ్రద్ధ యనియు, ఎంత పెద్ద శస్త్రచికిత్స చేసిన నంత నేర్పనియు తలచుట లోకసామాన్యము. ఈ తలంపు వైద్యులలోను చిరకాలము వేరూని యుండెను. ఒక్క యవయవము విషయమున నది యెట్లు స్థిరపడెనో, యెట్లు తొలగెనో తెలుపుట యీ వ్యాసోద్దేశము. ఆ యవయవము ప్లీహము.

ప్లీహము కడుపున కెడమవైపున, ప్రక్కటెముకల చాటున నుండును. చలిజ్వరముచే నది పెరిగినప్పుడు మన పల్లెలవారు "కడుపులో బల్ల" యందురు. దానిలో నెత్తురు సమృద్ధిగా ప్రవహించును, పైపొర పలుచనిది. కావున చెట్టుపైనుండి పడినవారిలోను, బండి తగిలినవారిలోను అది చీలుట తరచు. పూర్వులకు దీని ప్రయోజనము స్పష్టముగా తెలియదు. అది నల్లని పిత్తమును శోధించునని గ్రీకు వైద్యుడైన గాలెను తలచెను. ఆ మతము పోయిన పిదప వేరొక ప్రయోజనము చాలకాలము నిర్ణయింపబడలేదు. ప్రయోజనము తెలియని దానిని నిష్ప్రయోజన మనుకొనుట మానవుని పాతదోషము గదా!

19వ శతాబ్దము తుదకు మత్తుమందులును, క్రిమినివారణ పద్ధతులును వ్యాపించుటతో కడుపు కోసి చూచుట సాధ్యమయ్యెను. పగిలిన ప్లీహమును తీసి రోగిని బ్రతికించిన వృత్తాంతమును 1893లో జర్మను వైద్యుడు రీగ్నరు ప్రకటించెను. 1909లో నోబెల్ బహుమానమందిన స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు కోచరు, గాయపడిన ప్లీహమును తీసివేయవలసినదే యనియు, తీసినందువలన కీడు లేదనియు తన గ్రంథమున బోధించెను. చీలిన ప్లీహమును విడిచినచో నెత్తురు పోయి రోగి మరణించునను భయము నిరాధారము గాదు. కాని కొందరికి వలసినది యందరికిని విధి యయ్యెను. అర్ధశతాబ్దమునకు పైగా ఆ విధిని ప్రశ్నించినవారు అరుదు.

సాక్ష్యము లేకపోలేదు. ప్లీహము తీసిన యెలుకలు అంటురోగమునకు తక్కిన వానికంటె సులభముగా లొంగుటను 1919లోనే మారిస్, బుల్లక్ అనువారు చూపిరి. ఆ మాట చాలమంది చెవి కెక్కలేదు. 1952లో అమెరికాలో కింగ్, షూమేకర్ అనువారు, రక్తవ్యాధి నిమిత్తము పసితనముననే ప్లీహము తీయబడిన 5గురు శిశువులకు దారుణమైన అంటుజ్వరములు సోకుటను వెల్లడించిరి. అప్పటినుండి వైద్యులకు కనువిప్పు కలుగ నారంభించెను. ప్లీహము నెత్తురును వడగట్టు జల్లెడ. అందు ప్రవేశించిన క్రిములను, ముఖ్యముగా న్యూమోకోకస్ వంటివానిని, పట్టి నశింపజేయును. అది లేనివానికి ఉదయము వచ్చిన జ్వరము మరునాటికి ప్రాణాంతకము కావచ్చును. చలిజ్వరమును వానికి మిక్కిలి ప్రమాదకరము. గాయమునుండి కాపాడితిమని ఇంటికి పంపిన బిడ్డను ఏండ్ల తరువాత జ్వరము మ్రింగినచో, ఆ లెక్క యే యాసుపత్రి పుస్తకమున వ్రాయబడును?

మార్గము చూపినది కెనడాలోని టొరాంటో నగరపు పిల్లల ఆసుపత్రి. ప్లీహము చీలెనని యనుమానమున్నను, స్థితి నిలకడగా నున్న పిల్లలను కోయక కనిపెట్టి చూచు నాచార మచ్చట 1940ల తుదినుండి నడచుచుండెను. అచ్చట పనిచేసిన భారతీయ వైద్యుడు ఉపాధ్యాయ, సింప్సన్ అను వైద్యునితో గలిసి 1968లో ఆ యనుభవమును ప్రకటించెను. కడుపు కోసి చూచునప్పటికే పలువురు పిల్లలలో నెత్తురు కారుట నిలిచియుండెనని వారు గమనించిరి. నిలిచినదానిని నిలుపుటకై అవయవము నేల తీయవలెను? ఇదియే వారి ప్రశ్న. అనంతరము ఉపాధ్యాయ ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో ఆచార్యుడై, కోతులలో ప్లీహగాయములు మానుటను గూర్చి ప్రయోగములు చేసెను. మొదట పలువురు దీనిని సాహస మనిరి. క్రమముగా లోకమంతయు నంగీకరించెను.

కోయకుండుట యనగా ఊరకుండుట గాదు. బిడ్డను కదలనీయక పడుకొనబెట్టి, నాడిని, రక్తపుపోటును పలుమారులు చూచి, ఎక్కించుటకు నెత్తురు సిద్ధముగా నుంచి, శస్త్రవైద్యుడు పిలిచినంతనే వచ్చునట్లుండవలెను. నెత్తురెక్కించినను పోటు పడిపోవుచున్నచో ఆలస్యము చేయక కోయవలసినదే.

1971లో మొదటి రోగికి తీయబడిన సి.టి. చిత్రము లోపలి గాయమును కోయకయే చూపు శక్తి నిచ్చెను. కాని ఒక యతి పోగా వేరొక యతి వచ్చెను: ఇంటికి పంపుటకు ముందొక చిత్రము, పిదప మరియొకటి, అవసరము లేని దీర్ఘవాసము. 2000 సంవత్సరమున అమెరికా శిశుశస్త్రవైద్యుల సంఘమువారు 32 ఆసుపత్రులలోని 856గురు పిల్లల వృత్తాంతములను పరిశీలించి, గాయతీవ్రతను తెలుపు మెట్టు సంఖ్యకు ఒక దినము చేర్చి ఆసుపత్రిలో నుంచిన చాలుననియు, వాడుక చొప్పున మరల చిత్రములు తీయనక్కరలేదనియు సూచించిరి. తరువాతి సూచనలలో ఆ సంఖ్యకంటె బిడ్డ రక్తప్రసరణ స్థితియే ప్రధాన మయ్యెను.

2013లో ప్రకటితమైన మరియొక పరిశోధనలో, మొండెమునకు దెబ్బతగిలిన 12,044 మంది పిల్లలలో కడుపులోని గాయమునకు వెంటనే చికిత్స వలసినవారు 203 మందియే. చెప్పిన బాధను విని, కంటితో చూచి, చేతితో తాకి తెలిసికొనదగిన 7 గుర్తులును లేని బిడ్డకు అట్టి యపాయము మిక్కిలి యరుదని తేలెను. అట్టివారికి సి.టి. కిరణముల నూరక తగిలించుట యేల? ఆ కిరణములవలన ముందు ముందు పుట్టుకురుపు కలుగు నవకాశము స్వల్పమే యైనను, లేత దేహమునకు లాభము లేని హాని స్వల్పమైనను వలదు.

కావున గృహస్థులు చేయదగిన దేమి? బిడ్డకు దెబ్బతగిలినప్పుడు "అన్ని పరీక్షలును చేయుడు" అని వైద్యుని నిర్బంధింపరాదు. "ఇది చేసిన నేమి తెలియును? చేయకున్న నేమి నష్టము?" అని వినయముగా నడుగవలెను. వలసినదన్నచో శంకింపక అంగీకరింపవలెను. ఇదివరకే ప్లీహము తీయబడినవారు టీకాలు వేయించుకొని, జ్వరము రాగానే ఆసుపత్రికి పోవలెను. కత్తి పట్టుటకు నేర్పు చాలును. పట్టిన కత్తిని దించి బిడ్డ ప్రక్కన మేలుకొని యుండుటకు జ్ఞానమును, దయయు రెండును కావలెను. అట్టి వైద్యుడు మన యింటికి వచ్చిన నాడు, ఏమియు చేయలేదని వానిని నిందింపకుందము గాక.