తుపాకి కొయ్య: పదనిర్ణయము, యుద్ధకాలపు మార్పులు

హైదరాబాదునకు తూర్పున ఉప్పల్ ప్రాంతమునందలి చిల్కానగరునుండి పాతనగరమునకు బోవువారికి దారిలో మూసారాంబాగను పేట తగులును. నిజాము కొలువున సేనానియై 1798లో మృతినొందిన ఫ్రెంచివాడు మొస్సియే రేమండు పేరే జనుల నోట నిట్లు మాఱినదని చెప్పుదురు. ఆతని సమాధి ఆ సమీపముననే ఆస్మాన్‌గఢ్ మిట్టపై నున్నది. పేరు మాఱినను మనిషి యెవ్వడో తెలిసినంతవఱకు చరిత్రకు హాని లేదు. ఒక్క పేరు పెక్కు వస్తువులను గప్పినప్పుడే చిక్కు పుట్టును. తుపాకి కొయ్య విషయమున మనకు కలిగినది యట్టి చిక్కే.

తుపాకి యను మాట తురుష్కభాషనుండియు, బందూకు ఉర్దూనుండియు మనకు వచ్చినవి. భుజమున కానించు భాగమునకు మాత్రము మనవారు మడమ యని చక్కని దేశ్యపదమును వాడిరి. కాని వాడుకలో కొయ్యనంతటిని మడమ యనుటయు కలదు. ఆంగ్లమున మొత్తము కొయ్య స్టాకు, భుజమున కానునది బట్టు. ఆ బట్టుయొక్క పైమూలకు హీలనియు, క్రిందిమూలకు టో యనియు పేళ్లు. ఆ హీలును పదమునకు పదముగా మడమ యని తెనిగించినచో పైమూలయందలి చిన్న బీట మడమ యంతయు పగిలినట్లు తోచును. కావున మడమ యను పేరును బట్టునకే నిలిపి, హీలును మడమ పైమూల యని చెప్పుట మేలు.

రేమండునాటి చెకుముకి తుపాకులకు మూతి సమీపమునుండి మడమవఱకు కొయ్య యొక్కటే. యుద్ధకాలపు మార్పులు వానికిని తప్పలేదు. ఈస్టిండియా కంపెనీవారి తుపాకి గొట్టము 39 అంగుళములు. ఇంగ్లండు పదాతులకు వాడుకయైనది 42 అంగుళములు. 1793లో ఫ్రాన్సుతో యుద్ధము రాగా ఆయుధముల కొఱత తీర్చుటకై అచ్చటి ప్రభుత్వము కంపెనీ తుపాకులను గైకొనెను. పిదప తన సేనలకును ఆ మాదిరినే చేయించెను. గొట్టముతోపాటు కొయ్యయు కుఱుచయయ్యెను. గజముకడ్డీ నుంచు గొట్టపుదొడుగులు నాలుగుండుటకు మాఱు మూడయ్యెను.

లీ-ఎన్ఫీల్డు రైఫిలునందు కొయ్య రెండు ముక్కలు. మడమ వెనుకనుండి పొడవైన మరబోల్టుతో ఇనుపగూటిలో బిగింపబడును. గొట్టము క్రిందిదానిని ముంగొయ్య యనవచ్చును. గొట్టముపై చేయి కాలకుండ కప్పుదానిని చేకాపు. చేతి పట్టునకు సన్ననైన చోటును మణికట్టు. మూతియొద్ద లోహపుతొడుగును మూతికట్టు. మడమ చివరి లోహమును మడమబిళ్ల. మొత్తమునకు తుపాకి కొయ్య యను పేరు చాలును. సైనికుల చేతుల పొడవునుబట్టి మడమలను నాలుగు కొలతలలో చేసెడివారు. ముంగొయ్య కట్టి భేదము లేదు. ఈ రెంటిని ఒక్కపేర పిలిచినచో ఈ సంగతియే మఱుగుపడును.

మొదటి ప్రపంచయుద్ధమున 1907నాటి మూడవ మార్కు రైఫిలును త్వరగా చేయుటకై 1916లో కొన్ని యంగములను విడిచిరి. ముంగొయ్య యెడమప్రక్క దూరపుగుఱికై యుండిన పలక పోయెను. మడమపై పటాలపు గుర్తు చెక్కు ఇత్తడిబిళ్లయు పోయెను. బాంబులు విసరు తుపాకుల ముంగొయ్యకు పగులకుండ తీగ చుట్టిరి. కలకత్తా సమీపమున ఇచ్ఛాపురపు కర్మాగారమువారు ముంగొయ్యకు అడ్డముగా నొక మరను బిగించిరి. కొయ్య వంగి గొట్టమును నొక్కినచో గుఱి తప్పును. ఈ దేశపు ఎండవానలలో ఆ మర యూరకయే పుట్టినది కాదు.

ఇవి మనకు దూరపుమాటలు కావు. హైదరాబాదు పేరు దాల్చిన 19వ రెజిమెంటులోని 4వ పటాలము 1942 జనవరిలో మలయాదేశమున స్లిమ్ నదియొద్ద జపానువారి నెదుర్కొనెను. ఆ రెజిమెంటే 1945లో కుమావూను రెజిమెంటయ్యెను. ఆ యుద్ధమున వాల్నట్టు కొయ్య చాలక నాలుగవ నంబరు రైఫిలునకు బీచి, బర్చి కొయ్యలను వాడిరి. ఇత్తడి మడమబిళ్లకు మాఱు తుత్తునాగపు మిశ్రలోహము వచ్చెను. 1944లో అడవిపోరునకై చేసిన ఐదవ నంబరు తుపాకికి ముంగొయ్యను కురచచేసి మడమకు రబ్బరుమెత్త నమర్చిరి. జపానువారు కొయ్య పొదుపునకై మడమను రెండు ముక్కలుగా అతికిరి. యుద్ధాంతమున మడమబిళ్లను సయితము కొయ్యతోనే చేసిరి.

ఇక దీనిచే మనచరిత్రకు కలుగు ప్రయోజన మేమి? 1922 ఆగస్టు 22, 23, 24 తేదులలో అల్లూరి సీతారామరాజు దళము చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి ఆయుధములు గైకొనెను. వానిని ఒకరు తుపాకులనియు, ఒకరు రైఫిళ్లనియు వ్రాయుచున్నారు. గొట్టములోపల మెలితిరిగిన గాడులున్నదే రైఫిలు. ఇచ్ఛాపురమువారు పోలీసులకును కావలివారికిని .303 రైఫిళ్ల గొట్టములను తొలిచి, గాడులు తీసి, .410 కొలత తుపాకులు చేసిరి. తూటాలపెట్టెలో కొయ్యదిమ్మ నుంచి ఒక్కొక్క తూటాయే పేల్చునట్లు కట్టడిచేసిరి. బయటి కొయ్య రెంటికిని ఒక్కటే. కొయ్యను మాత్రము చూచినవాడు దానిని ప్రబలమైన రైఫిలని లెక్కించును. ఇరుపక్షముల బలమును గూర్చిన మన లెక్కలు అంతమేరకు తప్పును.

మఱియొక హెచ్చరిక. కొయ్యలు విఱుగును, మాఱ్పబడును. 1916నాటి తుపాకికి తరువాతి మడమ యుండవచ్చును. కావున కొయ్య యొక సాక్షియే కాని తీర్పరి కాదు. ఇంట పాతతుపాకి యనుమతిపత్రమో, ఠాణా పట్టికయో, పోరాటమున పాల్గొన్న పెద్దల మాటయో దొరికినవారు దానిని వ్రాసియుంచునప్పుడు మడమ యేది, ముంగొయ్య యేది, గొట్టమున గాడులున్నవా లేవా యని వేఱువేఱుగా వ్రాయవలెను. ఈ మూడుమాటలు తప్పక యున్నచో రాబోవువారు ఆ తుపాకి యెవ్వరి చేతిలో నేమి చేయగలిగెనో తేల్చుకొనగలరు.