స్మరణ కూడా విద్యయే

ధర్మపురికి పూర్వనామం తగడూరు. ఈ సీమనేలిన అదియమాన్, దీర్ఘాయువునిచ్చే ఉసిరిఫలం తనకు లభింపగా, దానిని తాను భుజింపక అవ్వైయారుకు సమర్పించాడని తమిళ సాహిత్యం చెబుతున్నది. ఆ కవయిత్రియే అతని పక్షాన తొండైమాన్ వద్దకు దౌత్యం వెళ్లిందని కూడా ప్రసిద్ధి. తన ఆయుష్షు కన్న ఇతరుల ఆయుష్షు మిన్న అని చాటిన ఈ గాథను ఇక్కడి పిల్లలు చిన్ననాటనే నేర్చుకుంటారు. అదే నేలపై 2012 నవంబరు 7వ తేదీన జరిగిన దానిని కూడా వారు తెలుసుకోవలసి ఉన్నది.

ధర్మపురి సమీపాన గల నాయక్కన్‌కొట్టాయ్ ప్రాంతంలో ఆ ఏడాది వన్నియ యువతి, దళిత యువకుడు వివాహం చేసుకున్నారు. కొద్ది వారాలకే యువతి తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. ఒక ఇంటి దుఃఖం కొన్ని గంటలలోనే సమూహ క్రోధంగా మారింది. నత్తం, అణ్ణానగర్, కొండంపట్టి అనే మూడు దళితవాడలపై గుంపులు దాడి చేసి, 250కి పైగా ఇళ్లను కొల్లగొట్టి, ధ్వంసం చేసి, తగులబెట్టాయి. మరుసటి ఏడాది జూలై 4న ఆ యువకుడు రైలు పట్టాల పక్కన శవమై కనిపించాడు.

ఆనాటి మంటలలో ప్రాణనష్టం జరగలేదు. అయినా నష్టం స్వల్పమని అనరాదు. ఆ వాడలవారిలో అనేకులు బెంగళూరు, తిరుప్పూరు వంటి నగరాలకు వెళ్లి, కష్టించి కూడబెట్టిన సొమ్ముతో ఇళ్లు కట్టుకున్నవారు. ఆ ఇళ్లతో పాటు పిల్లల పుస్తకాలు, ధ్రువపత్రాలు కూడా బూడిదయ్యాయి. కూలి కుటుంబంలో తొలిసారి చదువుకున్న బిడ్డకు ఆ పత్రమే ఆస్తి. అది కాలినప్పుడు రెండు తరాల శ్రమ కాలినట్లే.

తమిళం, తెలుగు, కన్నడం కలిసి వినిపించే ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాలకు ఇది పరాయి కథ కాదు. తెలుగునాట చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులు హత్యకు గురయ్యారు. వారిని ఊరి నడుమనే ఖననం చేశారు. ఆ స్థలానికి రక్తక్షేత్రమని పేరు. ఏటా అదే తేదీన అక్కడ నివాళులర్పించడం ఆనవాయితీ అయినది. ఆ ఊరిలోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించగా, 2014లో హైకోర్టు ఆ శిక్షలను రద్దు చేసింది. తీర్పు మారినది గాని, సమాధులు కదలలేదు.

స్మరణకు రెండు ధర్మాలున్నవి. మృతుని కులమేదని అడిగి కన్నీరు కార్చడం తగదు; కూతురి పెళ్లి నాడు కుంగిపోయిన తండ్రి మరణమూ, యువకుని మరణమూ విషాదాలే. అయితే అందరూ బాధితులేనని చెప్పి, ఎవరి ఇళ్లు కాలినవో, ఏ కారణాన కాలినవో దాచడం కూడా తగదు. మొదటిది మరచినచోట పగ పెరుగుతుంది. రెండవది మరచినచోట అన్యాయం స్థిరపడుతుంది.

ఈ రెండింటినీ కలిపి నేర్పగల స్థలం పాఠశాల. కాల్చినవారి పిల్లలూ, కాలిన ఇళ్ల పిల్లలూ ఒకే బల్లపై కూర్చునే చోటు అదొక్కటే. డెబ్బది అయిదేళ్లు నిండిన విద్యాలయం తన విజయాలతో పాటు తన సీమ గాయాలను కూడా గుర్తుంచుకోవాలి. హాజరు పిలిచేటప్పుడు రాని బిడ్డ పేరును కూడా పిలుస్తారు. రాలేదని పట్టికలో వ్రాస్తారు. చరిత్ర బోధనకు అంతకన్న వేరు సూత్రం అవసరం లేదు.