బర్మా బజారు కెమెరా

పల్లావరం శుక్రవారం సంతకు పొద్దున్నే వెళ్ళాలి. పది దాటితే ఎండ, పదకొండు దాటితే జనం. మొన్న ఒక శుక్రవారం మా అమ్మాయి నన్ను ఏడు గంటలకే లేపి బయల్దేరదీసింది. దానికి పాత ఫిల్ము కెమెరా కావాలిట. కాలేజీలో స్నేహితురాళ్ళు ఇద్దరు ముగ్గురు కొనుక్కున్నారు. "చేత్తో తిప్పి ఫోకస్ చేసేది వద్దు నాన్నా, ఆటోఫోకస్‌ది చూడు. వెయ్యి రూపాయల లోపు" అంది. వేల ఫోటోలు పట్టే ఫోను చేతిలో పెట్టుకుని, ముప్ఫై ఆరు బొమ్మలకు అయిపోయే కెమెరా కోసం నిద్ర మానుకున్న పిల్లను చూస్తే నవ్వొచ్చింది. వద్దనలేకపోయాను. కారణం తర్వాత చెబుతాను.

పల్లావరం సంత పూర్వం పశువుల సంత. ఇప్పుడు అక్కడ దొరకనిది పశువొక్కటే అనిపిస్తుంది. కుక్కపిల్లలు, గులాబి అంట్లు, తుప్పు పట్టిన స్పానర్లు, జత తప్పిన చెప్పులు, ఎవరింట్లోవో పెళ్ళి ఆల్బములు కూడా. నేలమీద టార్పాలిన్ పరిచి, దానిమీద పది పదిహేను కెమెరాలు పోసి కూర్చున్నాడొకతను. అడగ్గానే "ఎల్లామే ఆటోఫోకస్ సార్" అన్నాడు.

అన్నీ కావు. మూడొంతుల కెమెరాల మీద 'ఫోకస్ ఫ్రీ' అని రాసి ఉంది. ఫ్రీ అనగానే మనకు సంతోషం కలుగుతుంది గానీ, దానర్థం ఆ కెమెరాకు ఫోకస్ చేసే సామర్థ్యమే లేదని. కటకాన్ని ఒకచోట బిగించేసి, వెలుగు పోయే కంతను చిన్నది చేస్తే, అయిదారు అడుగుల నుంచి అనంతం దాకా అన్నీ ఓ మోస్తరుగా పడతాయి. మన దేశంలో లక్షణంగా అమ్ముడుపోయిన యాషికా ఎంఎఫ్-2 ఈ జాతిదే. మంచి కెమెరాయే, కానీ ఆటోఫోకస్ కాదు. అసలు ఆటోఫోకస్ కెమెరా మీట నొక్కినప్పుడు ఎదుట ఉన్నది ఎంత దూరంలో ఉందో తనే కొలుచుకుని, కటకాన్ని ముందుకో వెనక్కో జరుపుకుంటుంది. ఆ జరగడం చాలావాటిలో కంటికి కనబడుతుంది, చెవికి వినబడుతుంది. ఎవరైనా కొనబోతే బ్యాటరీ వేయించి, ఒకసారి అరచెయ్యి అడ్డం పెట్టి, ఒకసారి దూరంగా చెట్టుకేసి పెట్టి నొక్కి చూడండి. రెండుసార్లూ ఒకే చప్పుడు, ఒకే కదలిక అయితే బేరం ఆపేయవచ్చు.

ఈ దూరం కొలిచే పని మన ఊళ్ళో చాలాకాలం పెద్దమనుషుల పని. 1850లో అలెగ్జాండర్ హంటర్ మదరాసులో చిత్రకళాశాల పెట్టాడు. ఆ దశాబ్దంలోనే ఇక్కడ ఫోటోగ్రఫీ సంఘం వెలిసింది. ప్రెసిడెన్సీ ప్రభుత్వం నియమించిన లినియస్ ట్రైప్ 1857-58లో శ్రీరంగం, మదురై, తంజావూరు గుళ్ళను ఫోటోలు తీశాడు. ఆ కాలంలో ఫోకస్ అంటే నల్లగుడ్డ కప్పుకుని, గరుకు గాజు మీద తలకిందులుగా పడే బొమ్మను చూసి సరిచేయడం. తర్వాత స్టూడియోలు వచ్చినా నల్లగుడ్డ పోలేదు. మన పెద్దవాళ్ళ పెళ్ళి ఫోటోల్లో ఆ బిగుసుకున్న మొహాలు చూస్తే, గుడ్డ కింది మనిషికి ఎంత భయపడ్డారో తెలుస్తుంది.

మధ్యతరగతి ఇంట్లోకి వచ్చిన కెమెరా ఆగ్ఫా క్లిక్ 3. మన దేశంలోనే తయారయింది. 120 ఫిల్ము మీద పన్నెండు బొమ్మలు. దానికీ ఫోకస్ లేదు. మా నాన్నగారి దగ్గర అదే ఉండేది. పెరంబూరు ఇంట్లో పెరటి గోడ పక్కన మమ్మల్ని నిలబెట్టి, లెక్కగా నాలుగు పెద్ద అడుగులు వెనక్కి వేసి, ఊపిరి బిగబట్టి నొక్కేవారు. నాలుగు అడుగుల్లో ఒకటి తగ్గితే మొహం అలుక్కుపోతుందని ఆయన సిద్ధాంతం. ఎండ లేనిదే తీయరు. ఇంకొకరి చేతికి ఇవ్వరు. పన్నెండు బొమ్మల ఫిల్ము సంవత్సరంలో రెండుసార్లు కొంటే ఎక్కువ. అంచేత మా చిన్నప్పటి ఫోటోలన్నీ పెరట్లోవే, పగటివే. ఏ ఒక్కదాంట్లోనూ నాన్నగారు లేరు. ఆయన నీడ మాత్రం రెండింట్లో ఉంది. అమ్మ ఉన్నవి ఉన్నాయి గానీ, వంటింట్లో అమ్మ లేదు. ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదనుకుంటాను. మీ ఇళ్ళలో పాత ఆల్బములు తిరగేసి చూసుకోండి.

కొలత పని యంత్రానికి అప్పగించిన మొదటి కెమెరా 1977 చివర్లో జపానులో బజారుకొచ్చింది. కొనికా సి35 ఏఎఫ్. లోపలి యంత్రాంగం అమెరికా హనీవెల్ కంపెనీది. మనం రెండు కళ్ళతో దూరం అంచనా కట్టినట్టే, అది రెండు చిన్న కిటికీల్లోంచి వచ్చే బొమ్మలను పోల్చి చూసుకుంటుంది. బొమ్మలు కలవాలంటే వెలుతురు ఉండాలి. 1979లో కెనాన్ వారి ఏఎఫ్35ఎం మరో దారి పట్టింది. కంటికి కనబడని పరారుణ కిరణాన్ని తనే వదిలి, అది ఎదుటి వస్తువుకు తగిలి ఏ కోణంలో తిరిగొస్తుందో చూసి దూరం లెక్క కడుతుంది. చీకట్లోనూ పనిచేస్తుంది. అద్దం అడ్డమొస్తే మోసపోతుంది. ఫిల్ము చుట్టడానికి కూడా అందులో మోటారు ఉంది. 1985లో మినోల్టా 7000తో పెద్ద కెమెరాలకూ ఈ విద్య వచ్చింది. విద్య మాదంటే మాదని హనీవెల్, మినోల్టా అమెరికా కోర్టుకెక్కితే, 1992లో మినోల్టా 12 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. ఒక చిన్న బటను నొక్కడం వెనక అంత సొమ్ముంది.

ఆ సరుకు మదరాసుకు ఎలా చేరిందనేదే అసలు కథ. అప్పట్లో విదేశీ కెమెరా దిగుమతి అంటే లైసెన్సులు, భారీ సుంకాలు. 1991 తర్వాత కట్లు సడలుతూ వచ్చి, 2001లో గానీ వినిమయ వస్తువుల మీద పరిమాణ ఆంక్షలు పూర్తిగా తొలగలేదు. ఈలోగా సామాన్యుడికి రెండే దారులు. ఒకటి మూర్ మార్కెట్, రెండోది బర్మా బజారు.

సెంట్రల్ స్టేషను పక్కన ఎర్ర ఇటుకల మూర్ మార్కెట్‌ను 1900లో తెరిచారు. పాత పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, చిలకలు, కుందేళ్ళు, దొరలు వెళ్తూ వెళ్తూ అమ్మేసిన సామాన్లు అక్కడ దొరికేవి. కెమెరా దొరికినా అది దొరల కాలపు మడత కెమెరా అయ్యుండేది. అడిగిన ధరలో మూడోవంతుకు బేరం మొదలుపెట్టడం అక్కడి మర్యాద. 1985 మే నెలాఖరులో ఆ మార్కెట్ కాలిపోయింది. ఆ స్థలంలో తర్వాత సబర్బన్ రైళ్ళ స్టేషను వచ్చింది. ఆటోఫోకస్ కెమెరాలు సెకండుహ్యాండుకు దిగే వేళకు మూర్ మార్కెట్ బూడిదయింది.

మిగిలింది బర్మా బజారు. ప్యారిస్ కార్నర్ దగ్గర, బీచి స్టేషనుకు పోయే దారిలో వరసగా పెట్టెల్లాంటి కొట్లు. ఆ పేరు దగ్గర మన తెలుగువాళ్ళం కాస్త ఆగాలి. బర్మా బజారంటే తమిళుల వ్యవహారమని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. కొట్లు పెట్టుకున్నవాళ్ళలో తమిళులే ఎక్కువ, నిజమే. కానీ రంగూన్ అనే ఊరిని 'రంగం' అని ఇంటి పేరులా పిలుచుకున్నది మన ఉత్తర కోస్తా జనం. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కి వేలకు వేలు రంగం పోయారు. రేవుల్లో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. కోరంగి రేవు పేరుమీద అక్కడివాళ్ళు వీళ్ళను 'కొరంగీ'లన్నారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. అంతకు ముందు ఏడే, 1930 మేలో, రేవు పనికోసం జరిగిన అల్లర్లలో దెబ్బతిన్నది ఎక్కువగా తెలుగు కూలీలే. 1942లో జపాను బాంబులకు వేలమంది కాలినడకన అడవులు దాటి వచ్చారు. పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళకు 1962లో నెవిన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. కొట్లు, వ్యాపారాలు జాతీయమయ్యాయి. 1964లో పెద్ద నోట్లు రద్దయ్యాయి. కట్టుబట్టలతో ఓడలెక్కినవాళ్ళు కొందరు విశాఖలో దిగారు, కొందరు మదరాసులో. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు అలా మిగిలింది. మదరాసులో దిగినవాళ్ళ బతుకుతెరువుకు 1960ల చివర ఏర్పడినది ఈ బజారు.

చేతిలో పెట్టుబడి లేనివాడు, ఓడల్లో వచ్చిన ఊరు గుర్తున్నవాడు ఏమి అమ్ముతాడు? ఓడల్లో వచ్చేదే అమ్మాడు. సింగపూరు నుంచి వచ్చిన ప్రయాణికుల పెట్టెల్లోవి, నావికుల సంచుల్లోవి, సెంట్లు, టేపురికార్డర్లు, కాల్క్యులేటర్లు, కెమెరాలు. సుంకాలు వసూలు చేసే కస్టమ్స్ హౌసు అదే రోడ్డు మీద ఉండటం విధి చేసిన వేళాకోళం. దేశానికి దొంగ సరుకు అంటగట్టారని బర్మా బజారును తిట్టినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళ చేతి గడియారాలు ఎక్కడివో అడగలేదు.

1987లో మా నాన్నగారు అక్కడికే వెళ్ళారు. సర్కారు ఉద్యోగి. బిల్లు లేని వస్తువు జన్మలో కొనని మనిషి. కొట్టు ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచి, మూడోసారి ఆగారు. నేను వెనక ఉన్నాను. కొత్త కెమెరా ధర విని ఆయన వెనుదిరిగితే, కొట్టతను బల్లకింద నుంచి వాడిన కెమెరా ఒకటి తీశాడు. జపానుదే, ఆటోఫోకస్. సింగపూరులో ఎవరో అమ్ముకున్నదిట. గ్యారంటీ ఏమిటని నాన్నగారు అడిగితే, "నేను రేపూ ఇక్కడే ఉంటాను సార్, అదే గ్యారంటీ" అన్నాడు తమిళంలో. ఎంతకు కొన్నారో అమ్మకు కూడా నిజం చెప్పలేదు. వచ్చే దారిలో కెమెరాను టిఫిను క్యారియరు సంచిలో అడుగున పెట్టి, పైన అరటిపళ్ళు పెట్టుకున్నారు.

ఆ కెమెరా వచ్చాక ఇంట్లో ఒక సంగతి మారింది. అడుగులు లెక్కపెట్టే పని లేదు. ఎండ అక్కర్లేదు, ఫ్లాషు అందులోనే ఉంది. అంచేత నాన్నగారే తీయాలన్న నియమం దానంతటదే సడలింది. మొదట నేను, తర్వాత చెల్లెలు, చివరికి అమ్మ. మా నాన్నగారు పడక్కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఫోటో అమ్మ తీసిందే. ఆయన మొదటిసారి బొమ్మలోకి వచ్చారు.

మరుసటి ఏడు ఉగాదినాడు చెల్లెలు అమ్మనీ నాన్ననీ హాలులో బల్లమీద కూర్చోబెట్టింది. దగ్గరగా జరగమంటే అమ్మ సిగ్గుపడి జరగలేదు. ఇద్దరి మధ్య జానెడు సందు. ఈ కెమెరాలకు కొలిచే చుక్క సరిగ్గా మధ్యలో ఉంటుంది. కిరణం ఆ సందులోంచి దూసుకుపోయి వెనక గోడకు తగిలింది. కడిగించి తెచ్చాక చూస్తే, అమ్మ, నాన్న మంచులో ఉన్నట్టు మసకగా ఉన్నారు. గోడమీది తెలుగు క్యాలెండరు మాత్రం అక్షరం అక్షరం చదువుకోవచ్చు. మార్చి 1988, విభవ. ముందు ఒక మనిషి మీద చుక్క పెట్టి, మీట సగం నొక్కి పట్టుకుని, తర్వాత పక్కకు జరిపి పూర్తిగా నొక్కాలని మాకెవరూ చెప్పలేదు. కొట్టతను బల్లకింద నుంచి పుస్తకం తీయలేదు మరి.

ఆ ఇద్దరూ కలిసి ఇంట్లో కూర్చుని తీయించుకున్న ఫోటో అదొక్కటే. నాన్నగారు 1990లో పోయారు. మంచి ఫోటో కాదని ఆల్బములో అంటించలేదు, సిగరెట్టు డబ్బాలో పడేశాం. వెనక నాన్నగారి చేతి రాత ఉంది. అన్ని ఫోటోల వెనకా తేదీ, ఊరు, ఉన్నవాళ్ళ పేర్లు రాయడం ఆయన అలవాటు.

మా అమ్మాయి ఈ మధ్య ఆ డబ్బా తీసింది. బడిలో తెలుగు చదవలేదు. ఇంట్లో మాట్లాడుతుంది, అంతే. ఫోటో తిప్పి "ఇదేం రాశారు నాన్నా?" అంది. చదివి చెప్పాను. తర్వాత ముందు వైపు చూసి, క్యాలెండరు మీద అక్షరాలు ఒక్కొక్కటే వేలితో తడుముతూ "ఇది మా? ఇది ర్చి?" అని అడిగింది. ఆ మర్నాడే కెమెరా కావాలంది. అందుకే వద్దనలేకపోయాను.

సంతలో టార్పాలిన్ ముందు గంటసేపు కూర్చున్నాం. ఇలాంటి కెమెరాకు ఇప్పుడు దిక్కు లేదు, అది తెలిసి కొనాలి. యాషికాను 1983లో కలుపుకున్న క్యోసెరా 2005లో కెమెరాల తయారీ ఆపేసింది. కొనికా, మినోల్టా కలిసిపోయి 2006లో ఆ వ్యాపారమే వదిలేశాయి. కొడాక్ 2012లో దివాలా పిటిషను వేసింది. ఊటీలో 1960లో పెట్టిన మన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్, ఆ 'ఇందు' ఫిల్ములూ లేవు. చెడితే విడిభాగం దొరకదు. బ్యాటరీ గదిలో పచ్చటి చిలుము ఉంటే వదిలేయాలి. వెనక తలుపు అంచుల స్పాంజి మా ఊరి ఉక్కకు తారులా కరిగిపోతుంది, దాన్ని గీకేసి కొత్తది అంటించుకోవచ్చు. కటకంలో సాలెగూడు లాంటి బూజు ఉంటే మాత్రం మదరాసు గాలికి పెరగడమే గాని తగ్గడం ఉండదు.

తొమ్మిదింటిని చూశాక పదోది బాగా పలికింది. అరచేతికి ఒక చప్పుడు, చెట్టుకు ఇంకొకటి. అతను పన్నెండు వందలన్నాడు, నేను నాలుగు వందలన్నాను. మా అమ్మాయి "నాన్నా, ఇచ్చెయ్యి, పోనీ" అనేసరికి అతను తల ఎత్తి, "ముందే చెప్పకూడదా సార్, మన వాళ్ళని" అన్నాడు, చక్కని వ్యాసర్‌పాడి తెలుగులో. మన వాళ్ళమయ్యాక కూడా ఏడువందల దగ్గర గానీ దిగలేదు. ఫిల్ము రీలు ఒక్కటి అంతకంటే ఎక్కువైంది.

ఇంటికి రాగానే మా అమ్మను సోఫాలో కూర్చోబెట్టింది. ఎనభై దాటిన మనిషి, కళ్ళు సరిగా ఆనవు. పక్కన నన్ను కూర్చోమంది. "మధ్యలో సందు లేకుండా జరగండి" అంది. జరిగాను. అమ్మ మీద చుక్క పెట్టి, సగం నొక్కి పట్టుకుని, "కదలకు మామ్మా" అంది. లోపల ఎక్కడో చిన్న మోటారు గుర్రుమని, ఆగింది.