అరబ్బుల తలగుడ్డ, నైజీరియా పండగ బట్ట, మన చీరాల మగ్గం

ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఫోన్‌లో ఏదైనా షాపింగ్ యాప్ తెరిచి ‘ఇక్కత్’ అని కొట్టండి. కుర్తీలు, చొక్కాలు, దుప్పట్లు, చివరికి ఫోన్ కవర్లు కూడా వరసపెట్టి వచ్చేస్తాయి. ఇప్పుడు చెప్పండి, ఇక్కత్ అనేది తెలుగు మాటా? సంస్కృతమా? రెండూ కాదు. అది ఇండోనేషియా, మలేషియా వైపు మాట. కట్టడం, ముడి వేయడం అని అర్థం. డచ్ పరిశోధకుల పుస్తకాల్లోంచి ప్రపంచమంతా పాకింది. మన నేతగాళ్లు ఇదే పనిని ‘చిట్కి’ అన్నారు. మన ఊళ్లలో నేసే బట్టకి ఎక్కడో దీవుల వాళ్ల పేరు ఎలా వచ్చి అతుక్కుంది? ఈ ఎపిసోడ్‌లో ఆ దారి పట్టుకుని పోదాం.

ముందు పని ఏంటో చూద్దాం. మామూలుగా బట్ట నేశాక దాని మీద బొమ్మ అద్దుతారు. చిట్కిలో అలా కాదు. నేయకముందే నూలుని లెక్క ప్రకారం కట్టలు కట్టి, రంగు అంటకూడని చోట గట్టిగా చుట్టేసి, రంగులో ముంచుతారు. విప్పి, మళ్ళీ ఇంకో చోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. మగ్గం మీద ఆ పోగులు పక్కపక్కన చేరినప్పుడు బొమ్మ బయటికొస్తుంది. పడుగు, పేక రెండింటికీ ఇలా చేస్తే దాన్ని డబుల్ ఇక్కత్ అంటారు. ప్రపంచంలో చాలా కొద్ది చోట్లే చేస్తారు. గుజరాత్‌లో పటాన్, బాలి దీవిలో తెంగానన్ అనే ఊరు, జపాన్‌లో కొన్ని చోట్లు, ఆ వరసలోనే మన తెలుగు నేల. మన దగ్గర దీని పుట్టిల్లు చీరాల.

చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. 2022 దాకా ప్రకాశం జిల్లా, 1970కి ముందు గుంటూరు జిల్లా. వెనక వైపు నల్లరేగడి, అందులో పత్తి. ముందు వైపు సముద్రం. ఈ రెండూ అంత దగ్గరగా ఉంటే ఏం జరుగుతుంది? బట్ట పడవెక్కుతుంది.

ఎప్పటి నుంచి అంటారా? చీరాలకి దగ్గర్లోనే మోటుపల్లి ఉంది. ఇవాళ అది చిన్న పల్లె. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ ఒక శాసనం వేయించాడు. దూర దేశాల వర్తకులారా, భయం లేకుండా రండి, మీ సరుకు మేం లాక్కోం, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాం అన్నది దాని సారాంశం. అదే అభయ శాసనం. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకి, 13వ శతాబ్దం చివర్లో, ఇటలీ యాత్రికుడు మార్కో పోలో ఈ రాజ్యం గురించి రాశాడు. ఇక్కడి సన్నని బట్టని సాలెగూడుతో పోల్చాడు.

ఇక 17వ శతాబ్దానికి వద్దాం. మన నిజాంపట్నాన్ని అప్పుడు యూరప్ వాళ్లు పేటపోలి అనేవాళ్లు. 1606లో డచ్ వాళ్లు, 1611లో ఇంగ్లీషు వాళ్లు అక్కడికి వచ్చి వ్యాపారం మొదలెట్టారు. వాళ్లకి అసలు కావాల్సింది ఇండోనేషియా దీవుల్లో పండే లవంగాలు, జాజికాయ, మిరియాలు. ఆ దీవుల వాళ్లేమో మసాలాలకి బదులుగా బట్టలు అడిగేవాళ్లు. అందుకని కంపెనీ ఓడలు ముందు మన తీరానికి వచ్చి బట్ట కొని, ఆ బట్ట అక్కడ ఇచ్చి, మసాలాలు ఎక్కించుకునేవి. మన తీరపు బట్టకి పేరు తెచ్చింది చిరివేరు నుంచి తీసిన ఎరుపు. అంటే ఆ దీవుల్లో పెళ్లికీ గుడికీ కట్టుకున్న బట్టల్లో ఇండియా నుంచి వెళ్లినవి కూడా ఉండేవి. గుజరాత్ పటోలా అయితే అక్కడ రాజుల ఇళ్లలో దాచుకునే వస్తువు. ఫ్యాషన్ అప్పుడే గ్లోబల్ అన్నమాట.

ఇప్పుడు అసలు హీరో దగ్గరికి వద్దాం. తేలియా రుమాల్. తేలియా అంటే నూనెది. చీరాల నేతగాళ్లు నూలుని ఆముదం కాయల తొక్కల బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టేవాళ్లు. అలా చేస్తే ఎరుపు నూలుని గట్టిగా పట్టుకుంటుంది, బట్ట మెత్తబడుతుంది. ఆ నూనె వాసన చాలా కాలం పోదు. రంగులు మూడే: ఎరుపు, నలుపు, తెలుపు. బాలిలోని తెంగానన్ వాళ్లు గెరింగ్‌సింగ్ అనే బట్ట నేస్తారు. వాళ్లు కూడా నూలుని అక్కడ దొరికే ఒక గింజ నూనెలో, బూడిద నీళ్లలో వారాల తరబడి నానబెడతారు. వాళ్ల రంగులు కూడా దాదాపు ఇవే. నూనె, బూడిద కలిస్తే ఎరుపు నిలుస్తుందన్న తెలివి సముద్రానికి రెండు వైపులా ఉంది.

ఈ రుమాల్ ఎవరు కట్టారు? మన తీరంలో జాలర్లు లుంగీగా, తలపాగాగా కట్టారు. పశువులు కాసేవాళ్లు భుజాన వేసుకున్నారు. హైదరాబాద్‌లో ముస్లిం స్త్రీలు దుపట్టాగా వేసుకున్నారు. బొంబాయి మీదుగా ఏడెన్‌కి, అరబ్బు దేశాలకి, తూర్పు ఆఫ్రికాకి వెళ్లింది. ఎండలో, ఇసుక గాలిలో తిరిగే అరబ్బులు తలకి చుట్టుకున్నారు. దీనికి ఆసియా రుమాల్ అని ఇంకో పేరు కూడా వచ్చింది.

ఇక్కడే ఒక ముచ్చట చెప్పాలి. సంప్రదాయం అంటే తాతల నాటి డిజైన్ని అలాగే నేయడం అనుకుంటాం కదా. 20వ శతాబ్దం మొదటి సగంలో నేసిన తేలియా రుమాళ్లు చూస్తే ఆ మాట నిలవదు. ఏనుగులు, సింహాల పక్కన గడియారాలు, గ్రామఫోన్లు, విమానాలు ఉంటాయి! కొత్తగా ప్రపంచంలోకి ఏది వస్తే దాన్ని నూలు మీద ముడేశారు. రంగు కూడా అంతే. 1868లో జర్మన్ శాస్త్రవేత్తలు ఎరుపు రంగుని ప్రయోగశాలలో తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. అదే అలిజరిన్. మన వాళ్లు చిరివేరు పక్కన పెట్టి అది అందుకున్నారు. నూనె పద్ధతి మాత్రం వదల్లేదు. బయటి నుంచి ఏం తీసుకోవాలో, చేతిలో ఏం ఉంచుకోవాలో వాళ్లే తేల్చుకున్నారు.

చీరాల నుంచి ఇంకో బట్ట కూడా ఓడెక్కింది. దాని వ్యాపారపు పేరు రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్. పేరు మద్రాస్‌ది, మగ్గాల్లో చాలా వరకు చీరాల చుట్టుపక్కలవి. గళ్ల బట్ట అది. నైజీరియాలో నైజర్ డెల్టాలో ఉండే కలబారి ప్రజలు దాన్ని ఇంజిరి అంటారు. పుట్టుక దగ్గర్నుంచి చావు దాకా వాళ్ల వేడుకల్లో అది ఉండాల్సిందే. అంతటితో ఆగలేదు. అక్కడి ఆడవాళ్లు ఆ గళ్లలో కొన్ని పోగులు బ్లేడుతో కోసి, లాగేసి, కొత్త డిజైన్ చేస్తారు. దాని పేరు పెలెటే బిటే. అంటే మనం నేసింది వాళ్ల చేతిలో వాళ్ల సంప్రదాయం అయింది. ఇందులో వింతేం లేదు. మన గుంటూరు మిరప సంగతి చూడండి. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు వాళ్లతో వచ్చి, ఇవాళ గుంటూరు సన్నం అని మన పేరుతోనే జీఐ గుర్తింపు తెచ్చుకుంది.

మరి సమస్య ఎక్కడ? పేరు, డబ్బు ఎవరికి చేరాయి అన్న దగ్గర. దీవుల మాట ఇక్కత్ అయి మిగిలింది, మద్రాస్ పేరు గళ్ల చొక్కాల మీద అమెరికా దాకా పోయింది, చీరాల పేరు ఎక్కడా పడలేదు. ఎక్కడో దూరాన ఉన్న బేరం మీద ఆధారపడితే ఇంకో ప్రమాదం కూడా ఉంది. 1914 యుద్ధంతో జర్మన్ రంగు రావడం ఆగింది. అక్కడి ప్రభుత్వాలు దిగుమతి మీద ఆంక్షలు పెడితే ఇక్కడ మగ్గం ఆగుతుంది. చిట్కి పని 20వ శతాబ్దం మొదట్లో చీరాల వైపు నుంచి పోచంపల్లి, పుట్టపాక వైపు వెళ్లి అక్కడ బాగా పెరిగింది. 2020లో తేలియా రుమాల్‌కి జీఐ గుర్తింపు వచ్చింది, అది పుట్టపాక పేరు మీద. పుట్టపాక నేతగాళ్లు ఆ కళని బతికించారు, ఆ గౌరవం వాళ్లకి దక్కాల్సిందే. కానీ పుట్టింట్లో ఆ మగ్గాలు దాదాపు కనుమరుగయ్యాయి.

అలాగని మన వైపు అంతా అయిపోలేదు. చీరాల కుప్పడం చీరలు ఇంకా నేస్తున్నారు. మంగళగిరి గుంట మగ్గాల మీద నేసే నూలు చీరకి ఒళ్లంతా సాదాగా ఉంటుంది, అంచులో జరీ. ఆ అంచుని నిజాం బోర్డర్ అంటారు. ఇప్పుడు అదే బట్ట కుర్తీగా, చొక్కాగా, డ్రెస్ మెటీరియల్‌గా ఆఫీసులకి వెళ్తోంది. చీర కట్టేవాళ్లు తగ్గినా మగ్గం ఆగకపోవడానికి అదొక కారణం.

ఇప్పుడు మీ ఫోన్‌లో కనబడిన ఆ ఇక్కత్ దగ్గరికి వద్దాం. అందులో చాలా వాటి మీద ‘ఇక్కత్ ప్రింట్’ అని ఉంటుంది. అది మిషన్ మీద అచ్చు గుద్దిన బట్ట. తెలుసుకోవడం తేలిక. తిరగేసి చూడండి. నేసిన ఇక్కత్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. బొమ్మ అంచులు కొంచెం చెదిరినట్టు, నీళ్లలో తడిసినట్టు కనబడతాయి. అంచు కత్తితో కోసినట్టు నున్నగా ఉండి, వెనక వైపు వెలిసిపోయినట్టుంటే అది అచ్చే. అచ్చు కొనడం తప్పని కాదు. చేనేత ధర పెట్టి అచ్చు కొంటే మాత్రం మీరూ మోసపోతారు, ఆ ధరలో నేతగాడికి చేరాల్సిన కూలీ కూడా చేరదు.

బయటి ప్రపంచం వచ్చి మన బట్టని పాడు చేసిందని అంటుంటారు. చరిత్ర చూస్తే బయటి ప్రపంచం కోసమే మన బట్ట ఇంత దూరం ఎదిగింది. ఏడు వందల ఏళ్లకి పైగా చీరాల తీరం అందరి బేరానికీ తలుపు తీసే ఉంచింది. చెడింది తలుపు తీయడం వల్ల కాదు, నేసిన చేతి పేరు చెప్పకుండా సరుకు పంపడం వల్ల. ఈసారి ఎవరైనా మీ చొక్కా చూసి ఎక్కడిది అని అడిగితే యాప్ పేరు కాదు, ఊరి పేరు చెప్పండి. మీ ఊళ్లో ఇంకా మగ్గం ఆడుతుంటే ఆ ఊరి పేరు, అక్కడ ఏం నేస్తారో కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.