మిగులు బీటాకు కాపలా ఎవరు?

ఈస్ట్ కణం రెండుగా విడిపోయే వేళ క్రోమోజోములను చెరోవైపుకు చేర్చేవి మైక్రోట్యూబ్యూళ్లు. ఈ సన్నని గొట్టాలను కట్టడానికి ఆల్ఫా ట్యూబులిన్, బీటా ట్యూబులిన్ అనే రెండు ప్రోటీన్లు కావాలి. కాడికి కట్టిన జోడెడ్లలా ఇవి జంటగానే పనిచేస్తాయి. జత దొరకని ప్రోటీన్‌కు గొట్టంలో చోటు లేదు.

అలాంటప్పుడు రెండూ సరిసమానంగా తయారుకావాలి కదా! జన్యువుల లెక్క చూస్తే అలా లేదు. 1983లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో డేవిడ్ బోట్‌స్టీన్ బృందం ఈస్ట్ బీటా జన్యువును వేరుచేసింది. దాని పేరు టబ్2, అదొక్కటే. 1986 నాటికి ఆల్ఫాకు టబ్1, టబ్3 అని రెండు జన్యువులున్నట్టు తేలింది.

అదే సంస్థలో ఫ్రాంక్ సాలమన్ బృందం ఈ పొత్తును కావాలనే చెడగొట్టి చూసింది. ట్యూబులిన్ జన్యువుకు గాలక్టోజ్ స్విచ్చి తగిలించారు. ఈస్ట్‌కు గాలక్టోజ్ అందగానే ఆ జన్యువు జోరందుకుంటుంది. ఆల్ఫా ఎక్కువైనప్పుడు కణం కొంతవరకు తట్టుకుంది. బీటా ఎక్కువైతే మాత్రం మైక్రోట్యూబ్యూళ్లు విడిపోయి, కణాలు త్వరగా చచ్చిపోయాయి. రెండింటినీ కలిపి పెంచితే అంత ముప్పు లేదు. బీటా ఎంత ఉందన్నది కాదు, ఆల్ఫా కంటే ఎంత ఎక్కువ ఉందన్నదే ప్రాణాంతకమని 1990లో వచ్చిన ఈ ఫలితాలు చూపాయి.

ఆ తర్వాత వాళ్లు వేసిన ప్రశ్న నాకెంతో ఇష్టం. బీటా ముంచెత్తుతున్నా బతికి బట్టకట్టే కణం ఏదైనా ఉంటుందా? ఉంటే, దాన్ని కాపాడిందెవరు? బీటాను విపరీతంగా తయారుచేసే కణాల్లోకి ఈస్ట్ జన్యువులను ఎక్కించి, గాలక్టోజ్ మీద పెంచారు. బతికినవాటిని ఏరి చూస్తే, ట్యూబులిన్‌తో సంబంధం లేని జన్యువులు మూడు దొరికాయి. వాటిలో ఆర్‌బీఎల్2 అనేది ఆల్ఫాతో సమానంగా కణాలను కాపాడింది. దాని ప్రోటీన్ చాలా చిన్నది. కణంలో నేరుగా బీటానే పట్టుకుంటుంది, అయితే గొట్టంలో మాత్రం చేరదు. 1995లో 'సెల్' పత్రికలో ఈ సంగతి వెలువడింది.

అక్కడే ఇంకో ముడి విడింది. బీటా సరిగా మడతపడటానికి తోడ్పడే కోఫాక్టర్-ఏ అనే ప్రోటీన్‌ను పరిశోధకులు జంతుకణాల్లో అప్పటికే కనిపెట్టారు. ఎలుక కోఫాక్టర్-ఏను ఈస్ట్‌లో పెడితే అదీ ఆర్‌బీఎల్2 పనే చేసింది! ఒంటరి బీటాను పట్టి ఉంచే ఏర్పాటు ఈస్ట్‌కూ ఎలుకకూ ఉమ్మడిదన్నమాట.

మిగులు బీటా ముప్పు మరోచోటా కనిపించింది. బీటా జన్యువైన టబ్2 ఉండేది ఈస్ట్ ఆరో క్రోమోజోము మీద. 2007లో ఎం.ఐ.టి.లోనే ఆంజెలికా ఆమన్ బృందం ఒక్కో క్రోమోజోము అదనంగా ఉన్న ఈస్ట్ రకాలను తయారుచేసింది. చాలా క్రోమోజోములకు అది వీలైంది, ఆరోదానికి కాలేదు. అదనపు ఆరో క్రోమోజోము కణాన్ని చంపడంలో మిగులు బీటాకు వాటా ఉందని ఆ తర్వాతి ప్రయోగాల్లో తేలింది.